తేనెమంచు పడ్డ ఫియట్

“ఫొటోలన్నీ చెరిపేశారా?” అని అడిగాడు పరాంకుశం.

“వేలు పెట్టానండీ. నొక్కలేకపోయాను,” అంది రాజ్యలక్ష్మి.

ఇద్దరి మధ్యా స్టూలు మీద ఆమె ఫోను ఉంది. ఆమె దాని వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి పడుతున్న శ్రమ మాత్రం మెడ బిగింపులో తెలుస్తోంది. నూజివీడులో ఒక మేడ మీది వాటాలో ఒంటరిగా ఉంటుందామె. ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటరు వెనకే గడిపి, రిటైరయ్యాక స్కూటీ కొనుక్కుంది. దాని మీద వెళ్తూ వెళ్తూ దారిలో పాత కారు కనిపిస్తే ఆగి ఫొటో తీస్తుంది. అంబాసిడర్లు, పద్మినీలు, ఓసారి చింతలపూడి దగ్గర కోళ్లగూడుగా మారిపోయిన స్టాండర్డ్ హెరాల్డ్. తీసినవన్నీ ఫేస్‌బుక్‌లో తన పేజీలో పెడుతుంది. కింద ఊరి పేరు తప్ప ఇంకో ముక్క రాయదు.

మొన్న గురువారం పెట్టిన ఫొటో కింద ‘ముసునూరు దారిలో’ అని రాసింది. అందులో ఉన్నది లేతాకుపచ్చ ఫియట్, పాత పదకొండు వందల మోడలు. ఆ మధ్యాహ్నమే దాని యజమాని వెంకటకృష్ణారావు తన తోటలోని షెడ్డులోంచి కారు పోయిందని కేసు పెట్టాడు. ఇవాళ సాయంత్రం రాజ్యలక్ష్మి స్టేషన్‌కి వెళ్లి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఆ తర్వాత ఆమె పేరు కేసులోకి ఎక్కుతుంది.

“నన్ను బయటపడెయ్యమని కాదండీ మిమ్మల్ని ఏలూరు నుంచి పిలిపించింది,” అంది. “నా ఫొటో చూసే ఎవడన్నా దారి కనుక్కుని ఎత్తుకుపోయాడేమో తేల్చండి. తప్పు నాదైతే నాదేనని మొహం మీద చెప్పండి. అప్పుడు నొక్కేస్తాను.”

డిటెక్టివ్ పనిలో పరాంకుశం చాలామంది క్లయింట్లని చూశాడు. తప్పు తమది కాదని తేల్చమని వచ్చేవాళ్లే అందరూ. తనదేమోనన్న భయాన్ని ఇలా తెచ్చి చేతిలో పెట్టిన మనిషి ఈమె ఒక్కతే. ఆమె మీద ఇష్టం కలిగింది. ఇష్టం కలిగిన క్లయింటు దగ్గర ఇంకాస్త కఠినంగా ఉండాలని అతను తనకి పెట్టుకున్న నియమం.

“కారు ఎక్కడ చూశారు?”

“తూము పక్కన. కంచె మీంచి రోడ్డు మీదకి వాలిన మామిడిచెట్టుంది చూడండి, దాని కింద.”

“కారు షెడ్డులోంచి కదల్లేదంటున్నాడు ఆయన. మీరే లోపలికి దూరి ఫొటో తీశారంటున్నాడు.”

“నేనా? వాళ్ల గేటు ఎత్తెంతో తెలుసా మీకు? ఈ మోకాళ్లతో నేను అది ఎక్కానంటే సన్మానం చెయ్యాలి.”

“దగ్గర్లో ఎవరూ లేరా?”

“లేరండీ. చుట్టూ చూశాను కూడా. మనిషి ఉంటే అడిగే తీస్తాను.”

“తూము కనపడేలా ఇంకొకటి తియ్యకపోయారా? పక్కనుంచో, వెనకనుంచో?”

“నేను ముఖమే తీస్తానండీ.” అడగకూడనిది అడిగినట్టు చూసింది. “పెళ్లిచూపులకి వీపు ఫొటో పంపుతారా ఎవరన్నా? ఆ లైట్లు, ఆ జాలీ చూడండి. ఒక్కొక్కటీ ఒక్కోలా చూస్తుంది మనల్ని. పద్మిని కాస్త గీర. అంబాసిడరు మేనమామ. ఇదేమో, పాపం, ఎవరో పిలిస్తే తలెత్తినట్టుంది.”

ఆ అలవాటే ఆమె మెడకి చుట్టుకుంది. ఫ్రేము నిండా కారు ముఖం. రోడ్డు లేదు, తూము లేదు, చెట్టు లేదు.

పరాంకుశం ఫోను తీసుకుని ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేశాడు. బానెట్ మీద సన్నటి మెరుపు చుక్కలు, వాటి మధ్య రాలిన మామిడి పువ్వులు. అద్దం మీద కూడా.

“ఇవేంటి?”

“మంచండీ. పొద్దున్నే కదా.”

“అద్దం ఏటవాలుగా ఉంది. మంచైతే ఈ పువ్వులు కిందకి జారిపోవాలి. చూడండి, ఎక్కడివక్కడ అతుక్కుని ఉన్నాయి.”

రాజ్యలక్ష్మి కళ్లజోడు సర్దుకుని వంగింది. ఫోను వైపు ఆమె చూడటం అదే మొదలు. “అయ్యో నా మతి మండా! తేనెమంచు!”

మామిడి పూత మీదున్నప్పుడు ఈ ప్రాంతంలో ఎవరికీ దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పూతని పీల్చే చిన్న పురుగులు చెట్టు పైనుంచి జిగురు చల్లుతాయి. కింద ఏదుంటే దాని మీద చక్కెర పాకంలా పేరుకుంటుంది. రేకుల షెడ్డులో, తలుపు వేసిన చోట అది పడదు. ఇంతగా పేరుకోవాలంటే ఒకటి రెండు గంటలు చాలవు.

“రాత్రంతా చెట్టు కిందే ఉందన్నమాట కారు,” అన్నాడు. “మీ ఫొటో కంటే ముందే ఎవరో దాన్ని బయటికి తీశారు. దొంగకి మీరు దారి చూపించలేదు.”

ఆమె పైటచెంగుతో కళ్లజోడు తుడుచుకోసాగింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

అతను ఇంకో వివరం కూడా చూశాడు. అద్దం వెనక, డ్రైవర్ సీటుకి ఆనించి ఒక దిండు. దాని మీద ఎర్రదారంతో కుట్టిన రెండు చిలకలు.

*

“ఏలూరు నుంచి స్కూటర్ మీదే వచ్చారా? ఆవిడ మిమ్మల్ని కూడా ఫొటో తీసే ఉండాలే!” అన్నాడు రాజీవ్.

“ముఖం బాగుంటేనే తీస్తారట,” అన్నాడు పరాంకుశం, వెంకటకృష్ణారావు ఇంటి వాకిట్లో స్కూటర్‌కి స్టాండు వేస్తూ.

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున రెండు రోజులుగా విచారణకి వస్తున్న ప్రైవేటు డిటెక్టివ్ రాజీవ్. ఇస్త్రీ నలగని చొక్కా, కొత్త తెల్లటి బండి. ఇద్దరూ ఇదివరకు రెండు మూడు కేసుల్లో ఎదురుపడ్డారు. రాజీవ్ తెలివైనవాడని పరాంకుశానికి తెలుసు. తెలివిని దాచుకోవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదని కూడా తెలుసు.

వెంకటకృష్ణారావు ఇద్దరినీ షెడ్డులోకి తీసుకెళ్లాడు. యాభై దాటిన మనిషి, నిటారుగా నడుస్తాడు. ఖాళీ జాగా ముందుకి వచ్చేసరికి మాత్రం అడుగు తడబడింది.

“మా నాన్నగారి కారండీ. ఆయన పోయాక ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇటుకలు పేర్చి వాటి మీద ఎక్కించాను, టైర్లు పాడవ్వకుండా. వారానికోసారి నేనే తుడుస్తాను. మొన్న చింతలపూడిలో పెళ్లికి వెళ్లి, మర్నాడు పొద్దెక్కి వచ్చి చూస్తే ఇదీ సంగతి.”

“తాళం?”

“తాళం తాళంలానే ఉంది. చెవి ఇంట్లో క్యాలెండర్ మేకుకి ఉంటుంది. అక్కడే ఉంది.”

“మారుచెవి చేయించి ఉంటారు,” అన్నాడు రాజీవ్. “ముందు ఫొటో, తర్వాత బేరం, తర్వాత బండి మాయం. పాత కార్ల పిచ్చివాళ్ల పద్ధతే అది.”

పరాంకుశం గోడవారకి వెళ్లాడు. ఇటుకలు అక్కడ ఉన్నాయి. విసిరేసినట్టు కాదు. అంచుకి అంచు కలిపి, వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద కారు తుడిచే గుడ్డ, నాలుగు మడతలు.

“దొంగకి ఇంత తీరిక ఉంటుందా?” అన్నాడు.

“ఆడమనిషి కదండీ. సర్దిపెట్టే అలవాటు పోతుందా?” రాజీవ్ నవ్వాడు.

ఆ మాటలో సగం నిజం ఉందనిపించింది పరాంకుశానికి. ఏ సగమో ఇంకా తేలలేదు.

“ఎత్తుకుపోయేవాడికి చూడటం చాలదు,” అన్నాడు. “చేతిలో ఉంటే గాని నిద్ర పట్టదు. ఆవిడకి చూడటమే చాలు. చూసి, ఫొటో తీసి, వదిలేసి వెళ్లిపోవడమే ఆవిడ సరదా అంతా. మీరు దొంగని ఆ మనసులో వెతుకుతున్నారు.”

“చూసి చూసి ఆశ పుడుతుంది సార్. సైకాలజీ మీకొక్కరికే రాదు.”

“ఆశ పుట్టినవాడు ఇంజన్ చూస్తాడు, నంబరు చూస్తాడు. కళ్లలోకి చూడడు.”

“కార్లకి కళ్లు!” రాజీవ్ వెంకటకృష్ణారావు వైపు తిరిగాడు. “ఇది కోర్టులో చెప్పమనండి, సరదాగా ఉంటుంది. నేను బయల్దేరతానండీ. సాయంత్రం ఆవిడ స్టేట్‌మెంట్ అయిపోతే నా రిపోర్టూ అయిపోయినట్టే. పొద్దున విజయవాడలో ఎక్కి నేరుగా ఇక్కడే దిగాను, టిఫినైనా లేదు.”

“తోట చూడరా?” అన్నాడు పరాంకుశం, షెడ్డులోంచి వాకిట్లోకి వస్తూ.

“వద్దు బాబూ. చెట్ల కింద పెడితే బండికి జిగురంట. ఇంతవరకూ మీ సిమెంటు వాకిలి దాటించలేదు దీన్ని.”

పరాంకుశం అప్పటికి ఇంటి అరుగు మెట్లెక్కి ఉన్నాడు. ఎత్తు మెట్లు. అక్కడి నుంచి తెల్లబండి పైకప్పు కనిపిస్తోంది. దాని మీద అక్కడక్కడా పూత రెబ్బలు, వాటి చుట్టూ చీమలు. బండి వాకిలి దాటి కదిలిపోయింది. గాలికి ఒక్క రెబ్బా ఎగరలేదు.

అతని మనసు అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత తనని తనే కోప్పడ్డాడు. పోటీవాడి మీద పుట్టింది అనుమానమో అసూయో అంత త్వరగా తేలదు. తేలేదాకా దాన్ని నమ్మకూడదు. వదిలేశాడు.

*

పరాంకుశం తూము దాకా వెళ్లి, చుట్టుపక్కలవాళ్లని అడిగి మళ్లీ అరుగెక్కేసరికి మూడు గంటలు గడిచాయి. కాఫీ సీతారావమ్మ తెచ్చింది. వెంకటకృష్ణారావు భార్య. పొట్టి మనిషి. కాఫీలిచ్చి బల్ల మీద కూర్చుంటే ఆమె పాదాలు నేలకి ఆనలేదు.

అరుగు మీద పడక్కుర్చీలో దిండు ఉంది. దాని మీద ఎర్రదారంతో రెండు చిలకలు.

పరాంకుశం దిండు వైపు చూశాడు. అతను చూడటం సీతారావమ్మ చూసింది. లేచి దిండు తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, మళ్లీ కూర్చుంది.

ఇప్పుడతను ఒక్కమాట అంటే కేసు తేలిపోతుంది. కాని ఆ మాట తను అంటే అది నేరం అవుతుంది. ఆమె అంటే సంసారంలో మాట అవుతుంది. ఆ తేడా కోసం కొంచెంసేపు ఆగవచ్చు.

“రావుగారూ, ఆ ఫొటో తీసినావిడ సంగతి చెప్పనా?” అన్నాడు కాఫీ ఊదుకుంటూ. “ఒక్కర్తే ఉంటారు. కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు, నడపడమూ రాదు. దారిలో కనపడితే చూసి మురిసిపోతారు, అంతే. మీ ఫియట్ ఎవరో పిలిస్తే తలెత్తినట్టుందన్నారు.”

వెంకటకృష్ణారావు కప్పు కింద పెట్టాడు. “అలా అన్నారా?”

“అన్నారు. తన వల్లే మీ కారు పోయిందనుకుంటున్నారు. సాయంత్రం స్టేషన్‌కి వెళ్లాలి. వెళ్లేలోపు ఇన్నేళ్లుగా తీసిన ఫొటోలన్నీ చెరిపేస్తానంటున్నారు. వేలు పెట్టుకుని కూర్చున్నారు.”

సీతారావమ్మ చేతులు దిండు మీద బిగుసుకున్నాయి.

“చెరపొద్దని చెప్పండి,” అంది.

“సీతా?”

“నేనే తీశానండీ కారు.”

వెంకటకృష్ణారావు భార్య వైపు తిరిగాడు. ఆమె అతని వైపు చూడకుండా, దిండు మీది చిలకలతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

“ఇన్నేళ్లూ పక్కసీట్లో కూర్చున్నాను. మావయ్యగారు నడిపినప్పుడు వెనక, మీరు నడిపినప్పుడు పక్కన. మీ కాళ్లే చూస్తూ ఉండేదాన్ని. ఏ కాలు ఎప్పుడు ఎత్తుతారో నాకు కంఠతా వచ్చు. ఒక్కసారి నడపాలనిపించేది. అడిగితే నవ్వుతారని అడగలేదు. మీరు చింతలపూడి వెళ్లగానే, బోరు మోటారు బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్ చేత ఇటుకల మీంచి దింపించి, బ్యాటరీ పెట్టించాను. ఆ సాయంత్రమే బయటికి తీశాను. తూము దాకా బంగారంలా వెళ్లిందండీ. అక్కడ ఆగిపోయింది. ఎంతకీ కదల్లేదు. పొద్దున్నే మళ్లీ వెళ్తే ఎవరో ఆవిడ స్కూటీ ఆపి ఫొటో తీస్తోంది. పొద చాటున నిలబడిపోయాను.”

“తర్వాత?” అన్నాడు పరాంకుశం మెల్లిగా.

“ఆవిడ వెళ్లాక కారు ఏమనుకుందో ఏమో, తాళం తిప్పగానే అందుకుంది. ఒళ్లంతా జిగురు. అలా షెడ్డులో పెడితే ఈయన గుడ్డ పట్టుకోగానే తెలిసిపోతుంది. చివరి తోటలో పాత ప్యాకింగ్ షెడ్డుంది. కడిగి, చీకటి పడ్డాక తెచ్చేద్దామని అక్కడ పెట్టి, వరిగడ్డి కప్పాను. ఇంటికొచ్చేసరికి ఈయన వచ్చేశారు, షెడ్డు తెరిచేశారు, దొంగలు దొంగలని కేక పెట్టేశారు. నేను నోరు తెరిచేలోపు పోలీసులు కూడా వచ్చేశారు. ఇంకేం చెప్పను?”

వెంకటకృష్ణారావు గడ్డం రుద్దుకున్నాడు. అతని ముఖంలో కోపం రావడానికి ప్రయత్నించి, దారి దొరక్క వెనక్కి వెళ్లడం పరాంకుశం చూశాడు.

“క్లచ్ పట్టిందా?” అని అడిగాడు చివరికి.

“ఆఁ?”

“క్లచ్చే. అది అందరికీ పట్టదు.”

“మొదట్లో పట్టలేదండీ. సగం వదిలి, ఊపిరి బిగపట్టి ఆగితే పట్టింది.”

“సగం వదిలి ఆగాలని ఎవరు చెప్పారు?”

“మీ కాలే చెప్పింది.”

అతను తల పక్కకి తిప్పుకున్నాడు. “మా నాన్నగారు నాకు ఆ ముక్క చెప్పనేలేదు. నాకు నేనే తెలుసుకోవాల్సొచ్చింది. ఎన్ని తిట్లు తిన్నానో.” లేచి నిలబడ్డాడు. “పద. తెద్దాం. నువ్వే నడుపు. స్టేషన్‌కి నేను వెళ్లి చెప్తాను.”

*

ముగ్గురూ తోటలోంచి నడిచారు. సీతారావమ్మ ముందు. దిండు చంకలో ఉంది. దాని జత కారులో ఉందని, రెండూ కలిపి పెట్టుకుంటే గాని కాలు అందదని ఆమె దారిలో చెప్పింది. వెనక వెంకటకృష్ణారావు తనలో తను నవ్వుకోవడం వినిపించింది.

పాత ప్యాకింగ్ షెడ్డుకి తలుపుల్లేవు. ఒక పెద్ద చెట్టు దాన్ని సగం కప్పేసింది. లోపల వరిగడ్డి ఉంది. కుప్పగా లేదు, చెదిరిపోయి ఉంది.

కారు లేదు.

“ఇక్కడేనండీ,” అంది సీతారావమ్మ. “నిన్న సాయంత్రం కూడా వచ్చి చూశాను. ఇక్కడే ఉంది.” ఆమె కాళ్లతో గడ్డి తోసింది, దాని కింద కారు దొరుకుతుందేమో అన్నట్టు.

పరాంకుశం నేల మీద కూర్చుని చూశాడు. జంట చక్రాల లారీ గుర్తులు, లోతుగా. పక్కన చెట్టు కింద ఇంకో బండి గుర్తులు, వెడల్పాటి కొత్త టైర్లవి. ఆ రెండో బండి ఉన్న చోట మాత్రం పూత రాలలేదు, నేల కారు ఆకారంలో పొడిగా ఉంది. చుట్టూ ఆకుల మీద జిగురు. అంటే బండి చాలాసేపు ఆగింది. పైనుంచి పడిందంతా అదే మోసింది.

అప్పుడు అరుగు మెట్ల మీద తను వదిలేసిన అనుమానం తిరిగొచ్చి పక్కన నిలబడింది. సిమెంటు వాకిలి దాటని తెల్లబండి. దాని పైకప్పు మీద పూత.

పోయిందని అందరూ నమ్మిన కారుని నిజంగా ఎత్తుకుపోతే ఎవరు వెతుకుతారు? దాచిన మనిషి నోరు విప్పదు. నేరం మొయ్యడానికి ఫొటో తీసినావిడ సిద్ధంగా ఉంది. రాజీవ్ ఈ షెడ్డుని మొదటి రోజే కనిపెట్టి ఉంటాడు. తెలివైనవాడు. కనిపెట్టిన సంగతి చెప్పలేదు, అంతే.

జేబులో ఫోను మోగింది. రాజ్యలక్ష్మి.

“పరాంకుశంగారూ, మీకో ఫొటో పంపాను చూశారా? మైలవరం నుంచి మనోజ్ అని నా పేజీ చూసే కుర్రాడు పంపాడు. నేను ఫోను ముట్టుకోకూడదని పక్కన పడేశాను కదా, ఇప్పుడే చూశాను. మన ఫియట్టేనండీ!”

పరాంకుశం ఫొటో తెరిచాడు. టీ కొట్టు ముందు ఆగిన లారీ. జారిన టార్పాలిన్ కింద లేతాకుపచ్చ ముఖం. అద్దం వెనక చిలకల దిండు. లారీ వెనకాలే తెల్లబండి, దాని నంబరు, తలుపు పట్టుకుని నిలబడ్డ రాజీవ్. కింద మనోజ్ రాసిన మాటలు: ‘మీరు ముఖమే తియ్యమంటారు. కంగార్లో మొత్తం పడిపోయింది, సారీ మేడమ్. ఆ సారు ఎందుకు తీశావని అడిగాడు. రాజ్యలక్ష్మి మేడమ్ పేజీకి అని చెప్పాను.’

పరాంకుశం ఆ చివరి వాక్యం రెండోసారి చదవలేదు.

“ఇది పంపి ఎంతసేపైంది?”

“గంట దాటిందండీ.”

“మీ తలుపు గడియ వేసుందా?”

“వేసుంది. అదేంటండీ, కింద గేటు దగ్గర ఏదో బండి ఆగింది.” బాల్కనీలోకి నడుస్తున్నట్టు ఆమె చెప్పుల చప్పుడు. “తెల్లది. పైకప్పు నిండా పూత అతుక్కునుంది. దీని ముఖం నాకు నచ్చలేదండీ.”

“లోపలికి రండి. గడియ తియ్యకండి. ఆ ఫొటో ఇప్పుడే మీ పేజీలో పెట్టెయ్యండి. కింద మైలవరం అని రాయండి. అందరూ చూసేశాక మీ ఫోను లాక్కున్నా వాడికి ఉపయోగం లేదు.”

“ఇందులో ముఖం ఒక్కటే కాదండీ. మొత్తం ఉంది.”

“ఈ ఒక్కసారికీ నియమం తప్పండి లక్ష్మిగారూ.”

వెంకటకృష్ణారావు అప్పటికే తన బండి కోసం ఇంటి వైపు పరుగెడుతున్నాడు. సీతారావమ్మ దిండు గుండెలకి అదుముకుని పరాంకుశం చేతిలోని ఫోను వైపే చూస్తోంది. ఫోనులోంచి మెట్లెక్కుతున్న బూట్ల చప్పుడు వినిపించింది. తొందర లేని చప్పుడు. తర్వాత తలుపు మీద తట్టిన శబ్దం.

“లక్ష్మిగారూ?”

ఊపిరి వినిపించింది. వేలు పెట్టి ఆగిన మనిషి ఊపిరి.

“నొక్కానండీ,” అంది.